దాల్చినచెక్క వైట్ హాట్ చాక్లెట్: ఒక వంటింటి ప్రాజెక్టు డైరీ

శనివారం ఉదయం: ముందు కాగితం మీద

నాకు కావాల్సినవి నాలుగు. కప్పు ఖాళీ అయ్యేదాకా దాల్చినచెక్క వాసన నిలవాలి. పైన నూనె తేలకూడదు. అడుగున పొడి మిగలకూడదు. రెండో గుక్కకే తీపి మొహం మొత్తకూడదు. చూడ్డానికి నాలుగూ వేరువేరు కోరికలే గానీ, ఒక్కోదాని కిందా కారణం రాసుకుంటూ పోతే అన్నీ ఒకే చోటికి వచ్చి ఆగాయి: కొవ్వు.

వైట్ చాక్లెట్‌లో కోకో పొడి ఉండదు. కోకో గింజ నుంచి పిండిన వెన్న (కోకో బటర్), పాలపొడి, చక్కెర, కొవ్వునీ నీటినీ కలిపి ఉంచే లెసిథిన్ కాస్త, కాస్త వెనిల్లా, అంతే. మామూలు హాట్ చాక్లెట్‌లో కోకో పొడి మనకి తెలియకుండానే రెండు పనులు చేసిపెడుతుంది. దాని చేదు తీపిని అదుపులో ఉంచుతుంది, దాని సన్నటి రేణువులు పాలకి చిక్కదనాన్నిస్తాయి. వైట్ చాక్లెట్‌తో చేసేటప్పుడు ఆ రెండు పనులూ మనమే వేరే దారిలో చేసుకోవాలి.

ఇక దాల్చినచెక్క. దాని వాసనకి మూలం సిన్నమాల్డిహైడ్ అనే పదార్థం. అది నీళ్ళలో అంతంతమాత్రంగా కరుగుతుంది, కొవ్వులో మాత్రం హాయిగా కలిసిపోతుంది. అంటే పని ఇదీ: చెక్కలోని వాసనని కొవ్వులోకి ఎక్కించాలి, ఆ కొవ్వు పాలలోంచి విడిపోకుండా నిలపాలి. ఇది తేలాక ఏ వస్తువు కొనాలో, ఏది ముందు కలపాలో అన్నీ దీన్నిబట్టే నిర్ణయించుకున్నాను.

అదే రోజు మధ్యాహ్నం: చాక్లెట్ ఎంపిక

రేపర్ ముందువైపు బొమ్మలు వదిలేసి వెనకవైపు సన్న అక్షరాలు చదవాలి. వైట్ చాక్లెట్ అని పేరు పెట్టి అమ్మాలంటే కనీసం 20 శాతం కోకో బటర్, 14 శాతం పాల ఘనపదార్థాలు ఉండాలన్నది అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో ఉన్న లెక్క. యూరప్‌లోనూ అంతే. అమెరికాలో 2004 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇంకో మాట కూడా చేర్చింది: చక్కెర 55 శాతం దాటకూడదు.

పదార్థాల జాబితాలో కోకో బటర్ బదులు పామ్ కెర్నల్ నూనె లాంటివి కనిపిస్తే అది కాంపౌండ్. కేకుల మీద పోతకి అది బాగానే పనికొస్తుంది. ఈ పానీయానికి మాత్రం వద్దు. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడి కంటే కాస్త తక్కువలోనే కరిగిపోతుంది. అందుకే నోట్లో ఏమీ మిగలదు. కాంపౌండ్‌లో వాడే గట్టి కొవ్వుల్లో కొన్ని అంత త్వరగా కరగవు, అంగిలికి మైనంలా పట్టుకుంటాయి. రెండు ముక్కలు పక్కపక్కన పెట్టుకుని కళ్ళు మూసుకుని చప్పరిస్తే తేడా వెంటనే దొరుకుతుంది.

నేను తీసుకున్నది 28 శాతం కోకో బటర్ ఉన్న బార్. రంగు కూడా చూశాను. కోకో బటర్ సహజంగా లేత పసుపు, కాబట్టి మంచి వైట్ చాక్లెట్ దంతం రంగులో ఉంటుంది. సున్నంలా తెల్లగా మెరిసిపోతుంటే ఒకసారి వెనక్కి తిప్పి జాబితా చదవడం మంచిది. చాక్లెట్ చిప్స్ కంటే బార్ నయం. చిప్స్‌ని బేకింగ్‌లో ఆకారం చెడకుండా ఉండేలా చేస్తారు, అందుకే వాటిలో చాలావరకు కోకో బటర్ తక్కువ. మనకి కావాల్సింది అందుకు సరిగ్గా వ్యతిరేకం.

సాయంత్రం: చెక్క

ఈ విషయం మీద ఎక్కువ సమయం పెట్టాను, పెట్టాలి కూడా. దాల్చినచెక్క పేరుతో దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి సిలోన్ రకం, శ్రీలంక దాని పుట్టిల్లు. రెండోది కాసియా, చైనా, వియత్నాం, ఇండోనేషియాల నుంచి వచ్చే దగ్గరి జాతులన్నిటినీ కలిపి ఆ పేరుతోనే పిలుస్తారు.

గుర్తుపట్టడానికి చివరవైపు నుంచి చూడాలి. కాసియా ఒకే మందపాటి బెరడు, రెండు అంచులూ లోపలికి చుట్టుకుని మధ్యలో ఖాళీ ఉంటుంది. రంగు ముదురు ఎరుపు గోధుమ. విరవాలంటే రోకలి కావాలి. సిలోన్ చెక్కలో కాగితమంత పలచటి పొరలు ఒకదానిలో ఒకటి దూరి, చుట్టలా నిండుగా ఉంటాయి. వేళ్ళతో నొక్కితే పొడిపొడిగా రాలుతుంది. కాసియా వాసన సూటిగా, ఘాటుగా ముక్కుని తాకుతుంది. సిలోన్‌ది మెత్తగా ఉంటుంది, వెనకాల లవంగం ఛాయ ఒకటి వినిపిస్తుంది. అందులో యూజినాల్ కొద్దిగా ఉండడమే కారణం. లవంగానికి ఆ వాసన ఇచ్చేది కూడా అదే.

వైట్ చాక్లెట్‌కి సిలోన్ అని నా తీర్పు. కాసియా ఘాటుని నిలవరించడానికి ఇక్కడ కోకో చేదు లేదు, ఉన్నవి పాలు, వెనిల్లా మాత్రమే. ఆ పక్కన కాసియా ఒక్కటే మాట్లాడుతుంది, మిగతావి నోరు విప్పవు.

ఆరోగ్యం వైపు నుంచి కూడా ఒక కారణం ఉంది. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం గణనీయంగా ఉంటుంది, సిలోన్‌లో నామమాత్రం. ఎక్కువ మోతాదులో రోజూ తీసుకుంటే కొందరికి కాలేయం మీద ప్రభావం చూపుతుంది. యూరప్‌లో ఆమోదించిన రోజువారీ పరిమితి కిలో శరీర బరువుకి 0.1 మిల్లీగ్రాములు. జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్ఆర్ వేసిన లెక్క ప్రకారం 60 కిలోల మనిషికి కాసియా రోజుకి 2 గ్రాములు, 15 కిలోల పిల్లలకి అర గ్రాము దాటకూడదు. రెండు గ్రాములంటే చెంచా కూడా నిండదు. ఎప్పుడో ఒక కప్పు తాగేవాళ్ళకి ఇది పట్టించుకోవాల్సిన సంగతి కాదు. వరసగా రుచి చూస్తూ పోయే నాకూ, రోజూ అడిగే పిల్లలున్న ఇళ్ళకీ ఇది ముఖ్యమే.

ఆదివారం: వాసన ఎక్కడ దిగుతుంది

రెండు గిన్నెలు. ఒకదానిలో నీళ్ళు, ఒకదానిలో చిక్కటి పాలు. రెండింటిలో ఒకే బరువు సిలోన్ చెక్క, విరిచి వేశాను. సన్నటి సెగ మీద అంచుల దగ్గర చిన్న బుడగలు వచ్చేదాకా ఉంచి, దించి, మూతపెట్టాను. ఇరవై నిమిషాలకి వడకట్టి రుచి చూశాను.

నీళ్ళది ఎర్రగా దిగింది. వాసన ఉంది గానీ నాలుక మీద వగరు ముందు వస్తోంది. పాలది లేత గోధుమరంగుకి కూడా సరిగ్గా రాలేదు, కానీ నోట్లో వాసన గుండ్రంగా నిండుతోంది, వగరు దాదాపు లేదు. కారణం తెలిసిందే. బెరడులో వగరునిచ్చే టానిన్లని పాలలోని ప్రొటీన్ పట్టేసుకుంటుంది. టీలో పాలు పోస్తే వగరు తగ్గడం కూడా ఇదే లెక్క. వాసనేమో పాలలోని కొవ్వులోకి వెళ్ళిపోయింది. చాక్లెట్‌ని ముందు నీళ్ళలో కరిగించమనే వంటకాలు కూడా ఉన్నాయి. నేను ఆ దారి అక్కడితో వదిలేశాను.

సమయం సంగతి కూడా ఇక్కడే తేల్చుకున్నాను. పది నిమిషాలకి వాసన పలచగా ఉంది. ఇరవైకి నిండుగా వచ్చింది. నలభైకి వాసన పెరగలేదు, వగరు మాత్రం మెల్లగా తలెత్తింది. పొయ్యి మీద మరిగిస్తూ కూర్చుంటే ఇంకా నష్టం. తేలికగా ఎగిరిపోయే సువాసనలు వంటింట్లోకి వెళ్ళిపోతాయి. వంటిల్లంతా ఘుమఘుమలాడుతోందంటే అంత మేరకు కప్పులో తగ్గినట్టే. అందుకే మూత. మూత వల్ల పాల మీద మీగడ తెట్టు కట్టదు కూడా.

చెక్కని వేసే ముందు పొడి మూకుడులో సన్నసెగ మీద ఓ నిమిషం వెచ్చబెట్టి చూశాను. కొంచెం కాల్చిన వాసన చేరుతుంది, బాగుంది. రంగు మారేదాకా ఉంచకూడదు.

ఒక గిన్నె ఫ్రిజ్‌లో కూడా పెట్టాను: చల్లటి పాలలో చెక్క, రాత్రంతా. తెల్లారి చూస్తే వగరు పూర్తిగా లేని, తియ్యటి, నెమ్మదైన వాసన. నాకు చాలా నచ్చింది. వేడిలో దిగే లవంగం ఛాయ మాత్రం ఇందులో వినిపించలేదు. ముందురోజే గుర్తుపెట్టుకోగలిగిన వాళ్ళకి ఇది చక్కటి పద్ధతి.

సోమవారం రాత్రి: పొడి

పొడి కరగదు. అది ఎంత మెత్తగా దంచినా చెక్కే. వేడి పాల మీద చల్లితే పైన దుప్పటిలా పరుచుకుంటుంది, కలిపితే ఉండలు కడుతుంది, ఆగితే అడుగుకి చేరుతుంది. కాసియా పొడి అయితే ఇంకో గుణం ఉంది: తడి తగలగానే అందులోని జిగురు ఉబ్బి పాలు జారుడుగా, తీగలు సాగుతున్నట్టు అవుతాయి. గొంతులో ఆ జిగట తెలుస్తుంది.

పొడి వాడాలనుకుంటే దారి ఉంది. పాలలో కాకుండా తరిగిన చాక్లెట్‌లోనే చిటికెడు కలిపేయాలి. చాక్లెట్ కరిగేటప్పుడు రేణువు రేణువుకీ ముందు కొవ్వు పట్టేస్తుంది, తర్వాత పాలు తగిలినా ఉండకట్టదు. ఈ చిట్కా బాగా పనిచేసింది. అయినా అడుగున కొద్దిగా గరుకు మిగులుతుంది. నాకది ఇష్టం లేదు కాబట్టి పొడిని పైన నురగ మీద చల్లడానికే ఉంచుకున్నాను.

మంగళవారం: కలపడం

ప్రాజెక్టుకి ప్రాణం ఇక్కడుంది.

మొదట అందరూ చేసే పద్ధతి. పాలు వేడిచేసి, చాక్లెట్ ముక్కలు అందులో పడేసి, కరిగేదాకా తిప్పడం. చూడ్డానికి అంతా కలిసినట్టే ఉంది. కప్పులో పోసి రెండు నిమిషాలు ఆగి, దీపం కిందకి తెచ్చి పక్కనుంచి చూశాను. పైన పసుపుపచ్చటి చిన్న చిన్న కళ్ళు. ఒకదాన్నొకటి తాకినప్పుడల్లా కలిసిపోయి పెద్దవవుతున్నాయి. అది కోకో బటర్. కప్పు వేడిలో అది నూనె, నూనె పైకే వస్తుంది.

అదే కప్పు మా అక్కకి ఇచ్చాను. సగం తాగి, "మొదట్లో అంతా చెక్కేరా, చివర్లో అంతా తీపే. మధ్యలో ఏదీ?" అంది. ఆ ఒక్క మాటతో శనివారం కాగితం మీద రాసుకున్నది రుజువైపోయింది. వాసన కొవ్వులో ఉంది, కొవ్వు పైకి తేలింది, కాబట్టి వాసన పైనే ఉంది. చక్కెర పాలలో కరిగి కిందే ఉండిపోయింది. నూనె తేలడం కేవలం చూపుకి సంబంధించిన లోపం కాదు, రుచినే రెండుగా చీలుస్తోంది.

దీనికి మందు తిరగేసి కలపడం. చాక్లెట్‌ని పాలలో వేయకూడదు, పాలని చాక్లెట్‌లోకి కొద్దికొద్దిగా పోయాలి. ముందు గనాష్, అంటే చాక్లెట్, కొద్దిపాటి పాలు కలిసిన చిక్కటి నునుపైన ముద్ద చేయాలన్నమాట.

80 గ్రాముల చాక్లెట్‌ని బఠాణీ గింజ కంటే చిన్నగా తరిగి గిన్నెలో వేశాను. చెక్క దిగిన వేడి పాలు ఓ రెండు చెంచాలు పోసి అర నిమిషం ఆగాను. తర్వాత మధ్యలో మొదలుపెట్టి చిన్న చిన్న చుట్లు తిప్పుతూ వెళ్ళాను. ఈ దశలో అది అందంగా ఉండదు. ముద్ద బిగుసుకుంటుంది, అంచుల వెంట నూనె మెరుస్తుంది, విరిగిపోయిందేమో అనిపిస్తుంది. ఎందుకంటే కొద్దిపాటి తడి తగలగానే చాక్లెట్‌లోని చక్కెర రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అక్కడ ఆపకుండా ఇంకో చెంచా, ఇంకో చెంచా పోస్తూ తిప్పాలి. మొత్తం 50 మిల్లీలీటర్ల దగ్గరికి వచ్చేసరికి ముద్ద ఒక్కసారిగా మారుతుంది. గరిటె వెనక గీత పడుతుంది, ఆ గీత మెల్లగా పూడుకుంటుంది, పైభాగం సిల్కులా మెరుస్తుంది. ఇప్పుడు కొవ్వు సూక్ష్మమైన బిందువులుగా చీలిపోయి, ప్రతి బిందువు చుట్టూ లెసిథిన్, పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ పొరలా పట్టుకున్నాయి. ఇక అవి మళ్ళీ కలిసి పెద్ద కన్నుగా మారడం కష్టం.

ఆ తర్వాత మిగతా పాలు ధారగా పోస్తూ విస్క్‌తో కలపడం తేలిక. మళ్ళీ గిన్నెని సన్నసెగ మీద పెట్టి 65 డిగ్రీల దాకా వేడిచేశాను. మరగనివ్వలేదు. కప్పులో పోసి ఇరవై నిమిషాలు వదిలేసి అదే దీపం కింద చూస్తే కళ్ళు లేవు. తాగితే మొదటి గుక్కా, ఆఖరి గుక్కా ఒకే మాట చెబుతున్నాయి.

పాల వేడి గురించి ఒక మాట. పొంగు మీదున్న పాలని చాక్లెట్ మీద పోయకూడదు. దించి ఓ నిమిషం ఆగి, 80 డిగ్రీల దగ్గర పోస్తే చాలు. ముక్కలు కరగడానికి ఆ వేడి సరిపోతుంది, మిశ్రమం 45 డిగ్రీల చుట్టుపక్కల స్థిరపడుతుంది. వైట్ చాక్లెట్‌లో పాలపొడి, చక్కెర ఎక్కువ కాబట్టి నేరుగా పొయ్యి మీద కరిగిస్తే డార్క్ చాక్లెట్ కంటే ముందే మాడుతుంది, రవ్వరవ్వగా అవుతుంది. గనాష్ పద్ధతిలో ఆ భయమే లేదు, చాక్లెట్‌కి మంట తగిలే అవకాశం లేదు కాబట్టి.

బుధవారం: చిక్కదనం

కార్న్‌ఫ్లోర్ చిన్న చెంచాడు చల్లటి పాలలో కలిపి పోసి చూశాను. చిక్కబడింది, కొవ్వు కూడా కదలకుండా నిలిచింది. కానీ వాసన ఒక మెట్టు వెనక్కి వెళ్ళింది. చిక్కటి ద్రవంలోంచి సువాసన నిదానంగా బయటికొస్తుంది. చెంచాతో తినే డిజర్ట్ కావాలంటే కార్న్‌ఫ్లోర్ సరే. తాగడానికి మాత్రం గనాష్ ఇచ్చే చిక్కదనం నాకు చాలు.

గురువారం: తీపి

లెక్క వేసుకుంటే విషయం తేటతెల్లమవుతుంది. 55 శాతం చక్కెర ఉన్న చాక్లెట్ 80 గ్రాములంటే అందులో 44 గ్రాముల చక్కెర. రెండు కప్పులకి పంచితే కప్పుకి 22. పాలకి సొంతంగా ఉండే తీపి వేరే. కాబట్టి విడిగా చక్కెర వేసే ప్రసక్తే లేదు. ఘనీకృత పాలు, తియ్యటి క్రీమ్ లాంటివీ వద్దు.

తగ్గించడానికి మొదటి దారి చాక్లెట్ తగ్గించడం. 60 గ్రాములకి దిగితే తీపి తగ్గింది, దాంతోపాటు చిక్కదనం కూడా పోయి పాలలా అనిపించింది. 80 దగ్గరే ఉండి తీపిని వేరేలా పట్టుకోవాలి. అక్కడ ఉప్పు సాయం వచ్చింది. రెండు కప్పులకి ఒక చిటికెడు, ఉప్పగా తెలియనంత. పాల రుచి ముందుకొస్తుంది, తీపి మొహం మొత్తడం తగ్గుతుంది. రెండోది మిరియం. రెండే రెండు గింజలు నలిపి చెక్కతోపాటు పాలలో వేసి వడకట్టేస్తే గొంతులో చిన్న వెచ్చదనం మిగులుతుంది. మిరియమని ఎవరూ కనిపెట్టలేరు, కానీ తీపి అక్కడితో ఆగుతుంది.

వెనిల్లా విషయంలో జాగ్రత్త. వెనిల్లా, దాల్చినచెక్క లాంటి వాసనలు నాలుకకి లేని తీపిని ఉన్నట్టు చూపిస్తాయి. చాక్లెట్‌లో ముందే వెనిల్లా ఉంది, మళ్ళీ చెంచాలకొద్దీ పోస్తే తీపి పెరిగినట్టే అనిపిస్తుంది. పోయాలనుకుంటే నాలుగు చుక్కలు, అదీ పొయ్యి కట్టేశాక.

శనివారం: ఓవెన్‌లో పక్కదారి

ఇది మూల ప్రణాళికలో లేదు గానీ, చేయకుండా ఉండలేకపోయాను. ఫ్రాన్స్ చాక్లెట్ సంస్థ వాల్రోనాకి చెందిన ఫ్రెడరిక్ బో వేడినీళ్ళ గిన్నె మీద వైట్ చాక్లెట్‌ని మర్చిపోయి గంటల తరబడి వదిలేస్తే అది బంగారు గోధుమరంగుకి తిరిగిందట. ఆ సంస్థ దాని ఆధారంగానే 2012లో డల్సీ అనే రకాన్ని విడుదల చేసింది.

ఇంట్లో పద్ధతి సులువే. ఓవెన్ 120 డిగ్రీలు. ట్రేలో తరిగిన వైట్ చాక్లెట్ పలచగా పరిచి, పది నిమిషాలకోసారి బయటికి తీసి గరిటెతో మెదపాలి. మధ్యలో అది ముద్దలుముద్దలుగా, సుద్దలా పొడిబారి కనిపిస్తుంది. గరిటె వెడల్పువైపుతో ట్రేకి రాస్తూ మెదిపితే మళ్ళీ జారుతుంది. గంటలోపే పాలకోవా అంచు రంగు వచ్చింది. పాల ప్రొటీన్, చక్కెరలు వేడికి కలిసి వేగడం వల్ల వచ్చే రంగూ రుచీ అవి. కోకో బటర్ తక్కువున్న చాక్లెట్‌తో ఇది కుదరదు, రవ్వగానే మిగిలిపోతుంది.

ఈ వేయించిన చాక్లెట్‌తో చేసిన కప్పు అక్కకి అన్నిటికంటే నచ్చింది. తీపికి చేదు అంచు దొరికింది, ఉప్పు సగం వేసినా సరిపోయింది. దీనికైతే కాసియా కూడా నప్పుతుంది. ఆ ఘాటుకి ఎదురు నిలిచే రుచి ఇప్పుడు చాక్లెట్‌లో ఉంది. కాకపోతే తెలుపు పోయింది. వైట్ హాట్ చాక్లెట్ అని మొదలుపెట్టిన పని కాబట్టి దీన్ని వేరే పేజీలో రాసి పెట్టుకున్నాను.

ఇప్పటికి నిలబడిన కొలతలు

రెండు కప్పులకి చిక్కటి పాలు 430 మిల్లీలీటర్లు. చెక్క పీల్చేది, ఆవిరయ్యేది పోను దాదాపు 400 మిగులుతాయి. సిలోన్ చెక్క 6 గ్రాములు, వేలెడు పుల్లలు రెండు. నలిపిన మిరియాలు రెండు. వైట్ చాక్లెట్ 80 గ్రాములు. ఉప్పు చిటికెడు. చెక్కని వెచ్చబెట్టి, విరిచి, మిరియాలతోపాటు పాలలో వేసి అంచు బుడగల దాకా కాచి, మూతపెట్టి ఇరవై నిమిషాలు. వడకట్టి మళ్ళీ 80 డిగ్రీలకి తెచ్చి, ఉప్పు కలిపిన చాక్లెట్‌లో చెంచా చెంచాగా పోసి గనాష్, ఆ తర్వాత ధారగా మిగతా పాలు. 65 డిగ్రీలకి వేడిచేసి దించాక, నురగ తెప్పించే బ్యాటరీ ఫ్రాతర్‌తో పదిహేను సెకన్లు. ఆ వేడిలోనే నురగ సన్నగా, నిలకడగా వస్తుంది. పైన చెక్క పొడి, మునివేళ్ళతో తీసినంత.

ఆదివారం: ఫ్రిజ్

మిగిలిన అరకప్పు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి ఉదయం తీశాను. పైన పలచటి గట్టి పొర కట్టింది, చల్లదనానికి కోకో బటర్ గడ్డకట్టడం సహజమే. సన్నసెగ మీద వెచ్చబెట్టి విస్క్‌తో గట్టిగా తిప్పితే మళ్ళీ కలిసింది, కాకపోతే కొత్తగా చేసినంత నునుపు లేదు. దాచుకోవాలంటే పానీయాన్ని కాకుండా గనాష్‌ని దాచడం మేలనిపించింది. అందుకని ఇవాళ గనాష్ వరకే చేసి, మామూలు పాలకి బదులు చెక్క దిగిన క్రీమ్ వాడి, గాజు సీసాలో మూత బిగించి పెట్టాను. క్రీమ్‌లో కొవ్వు ఎక్కువ కాబట్టి చెక్క వాసన ఇందులో ఇంకా బలంగా దిగింది. కప్పుకి రెండు పెద్ద చెంచాలు తీసి, ముందు కొద్దిపాటి వేడి పాలతో మెదిపి, తర్వాత మిగతావి పోస్తే మూడు నిమిషాల్లో కప్పు సిద్ధం. క్రీమ్ ఉంది కాబట్టి మూడు నాలుగు రోజుల్లోపే వాడేయాలి. సీసా మీద తేదీ రాసి అంటించాను.